లేదని రాసిన బోరింగు

ఖమారిసాహి బోరింగు పాడైందని కబురొచ్చిన పొద్దున నేను పండక్కి వండే పిఠాల కోసం మినుములు బాగుచేసుకుంటున్నాను. రజొ పండగ ఇంకా నాలుగు రోజులుంది.

"సుకాంతీ అపా, పిడి ఎంత కొట్టినా సుక్క నేదు. ఈ ఎండల్లో ఎలా సచ్చేది మేము?" అని ఫూలమణి మావుసీ కోడలు ఫోనులో ఏడుపొకటే తక్కువ. చాట పక్కన పెట్టేసి, పానాల సంచీ భుజాన వేసుకుని, ఝిలీని సైకిలెక్కమన్నాను.

ఝిలీ, నేను జోడీ. మా పంచాయతీలోనూ పక్క రెండు పంచాయతీల్లోనూ చేతిపంపులు బాగుచేసేది మేమే. తొమ్మిదేళ్ళయింది. మొదట్లో ఆడవాళ్ళు బోరింగు విప్పుతారట అని చూడటానికి మగవాళ్ళు బీడీలు కాల్చుకుంటూ చుట్టూ చేరేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళే అక్కా అన్నట్టు అపా, అపా అని ఫోన్లు చేసి ప్రాణం తీస్తారు. నేను చదివింది ఏడో తరగతి. ఝిలీ పది పాసైంది, ఓపిక కూడా ఎక్కువ, అందుకే ఫోను పని దానిది. పానా పని, పోట్లాట పని నావి. మా ఆయన సూరత్‌లో మగ్గం మిల్లులో ఉంటాడు. ఏడాదికోసారి వస్తాడు. ఇక్కడ ఇల్లు నడిచేది నా చేతి మీదే.

ఖమారిసాహిలో నలభై గడపలు, రెండు బోరింగులు. ఊరి చివరిదాంట్లో నీళ్ళు ఎర్రగా, తుప్పు వాసనతో ఉంటాయి. వాటితో అన్నం వండితే ఇటుకపొడి కలిపినట్టుంటుంది. నోట్లో పోసుకోవడానికి పనికొచ్చేది నడివీధిలోది ఒక్కటే. అది ఆగితే కిలోమీటరున్నర నడిచి వాగులో చెలమలు తవ్వుకోవాలి. జ్యేష్ఠమాసంలో ఆ చెలమల్లో పశువులకు కూడా చాలదు.

మేము వెళ్ళేసరికి పంపు చుట్టూ ఖాళీ బిందెలే. పిడి రెండుసార్లు కొట్టి, పైపు మీద చెవి ఆనించాను. లోపల నీళ్ళు జారి పడుతున్న చప్పుడు. నీళ్ళు ఎక్కుతున్నాయి, పైకి చేరకుండానే కారిపోతున్నాయి. ఏదో ఒక పైపుకి చిల్లు పడింది. కొత్త పైపు ఒక్కటి దించితే సరిపోతుంది.

కానీ పంపు విప్పే ముందు ఫోనులో చేయవలసిన తతంగం ఒకటుంది. కిందటేడాది కార్తీకంలో మా బ్లాకులో ప్రతి బోరింగుకీ ఒక స్టీలు రేకు బిగించారు. అరచేతిలో సగం ఉంటుంది, మీద నల్లచుక్కల క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే ఆ బోరింగు చరిత్ర అంతా తెరుచుకుంటుంది. ఎప్పుడు తవ్వారు, ఎన్ని పైపులు దించారు, ఎవరు ఏ రోజున ఏం మార్చారు, అంతా. పాత పుస్తకాల్లో మేము రాసినవి కూడా అందులోకి ఎక్కించారు. కొత్తగా ఏది పాడైందో అక్కడే రాస్తే బ్లాకు ఆఫీసులో జూనియర్ ఇంజనీరు, మా జె.ఈ. బాబు, చూసి సరేనంటాడు, అప్పుడు గోదాములోంచి సామాను ఇస్తారు. స్కాన్ చేయకపోతే ఒక్క నట్టు కూడా బయటికి రాదు.

ఝిలీ ఫోను తీసి పంపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "అపా, రేకేదీ? కన్నాలే ఉన్నాయి."

రేకు ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని విప్పింది నేనే.

చెప్పేస్తాను, దాచి లాభం లేదు. రేకులు బిగించిన రోజు జె.ఈ. బాబు ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. "మీ బోరింగు ప్రాణం ఈ రేకులో ఉంది. ఇది పోయిందంటే ఇక ఎవరూ బాగుచేయలేరు. కంటికి రెప్పలా చూసుకోవాల్సింది మీరే" అన్నాడు. మరి ప్రాణం ఉందన్న వస్తువుని వీధిలో మేకలు ఒళ్ళు రుద్దుకునే చోట ఎవరైనా వదిలేస్తారా? ఆ మరుసటి నెల, మార్గశిరంలో, నేను వేరే పని మీద అటు వెళితే ఫూలమణి మావుసీ నా చేయి పట్టుకుంది. అరవై దాటిన మనిషి, అందరికీ పిన్ని వరస, ఊరి నీటి సంఘానికి పెద్ద.

"ఎండకి మాసిపోతంది సుకాంతీ. గుంటలు రాయెట్టి గీకుతున్నారు. ఇప్పి ఇచ్చీ, మాలక్ష్మి కాడ ఎట్టుకుంతాను. నువ్వొచ్చినప్పుడల్లా తీసి ఇత్తాను" అంది.

నాకు అందులో తప్పేమీ కనబడలేదు. తప్పు కనబడకపోవడం కాదు, ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆ నెలలో ఝిలీ పుట్టింట్లో ఉంది, పక్కనుంటే వద్దనేదేమో. పానా తీసి రెండు మరలూ విప్పి రేకుని మావుసీ చేతిలో పెట్టాను. గురువారం నాడు ఆవిడ వాకిలి నుంచి నట్టింటిదాకా పిండిముగ్గు వేసి, వడ్లు నింపిన మానిక మీద లక్ష్మీదేవి పక్కన రేకుని నిలబెట్టి, పసుపు రాసి సింధూరం పెట్టింది. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

ఇప్పుడు మావుసీ ఆ రేకుని చీరకొంగులో పెట్టుకుని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. "సూడు, గీత పడనీలేదు" అంది గొప్పగా.

ఝిలీ స్కాన్ చేసింది. ఎప్పుడూ పచ్చగా వచ్చే తెర ఎర్రగా వచ్చింది. అది చదివి వినిపించింది: "ఈ పరికరం స్థలంలో లేదు. నమోదు మూసివేయబడింది."

"నేదంతాదేటి?" మావుసీ పంపు పిడి మీద ఒక్కటిచ్చింది. "ఇదేటి మరి? కళ్ళు నేవేటి ఆ ఫోనుకి?"

కింద ఒక ఫొటో ఉంది. లక్ష్మీదేవి, మానిక, సింధూరం పెట్టిన రేకు. ఫాల్గుణంలో తనిఖీకని పట్నం నుంచి ఒక కుర్రాడొచ్చాడట. రేకేది అని అడిగితే మావుసీ సంబరంగా ఇంటికి తీసుకెళ్ళి చూపించింది. మరమరాలు పెట్టింది, మజ్జిగ ఇచ్చింది. వాడు దేవుడి మూలనే స్కాన్ చేసుకున్నాడు. అక్కడినుంచి పంపు అరవై అడుగులు. ఆ అరవై అడుగులూ నడవకుండా, "ఈ చోట బోరింగు కనబడలేదు" అని రాసి వెళ్ళిపోయాడు. పూజగదిలో బోరింగు ఎలా కనబడుతుంది, వాడి మొహం! అయినా వాడిని ఎంత తిట్టుకున్నా మొదటి మర విప్పిన చేయి నాది.

ఝిలీ నా వైపు చూసింది. "ఎవరిప్పేరు అపా?"

"నేనే" అన్నాను. అది ఫోను సంచీలో పెట్టేసుకుంది. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు బ్లాకు ఆఫీసుకి వెళ్ళాం. జె.ఈ. దిబాకర పాణిగ్రాహి చెడ్డవాడు కాదు. మూడువందల బోరింగులు, రెండు ఫోన్లు, నిద్రలేని కళ్ళు. తెర చూసి నుదురు రుద్దుకున్నాడు.

"మూసేసిన నమోదు మీద నేను పైపు ఇవ్వలేను సుకాంతీ. తెరవాలంటే నాలుగు జరగాలి. రేకు దాని చోట బిగించి ఉండాలి. నేను స్వయంగా పంపు దగ్గర నిలబడి స్కాన్ చేయాలి. నీళ్ళు వస్తుండగా ఫొటో తీయాలి. రేకు ఎవరు తీశారో, ఎందుకు తీశారో రాయాలి."

"పైపు ఇవ్వకుండా నీళ్ళెలా వస్తాయి బాబూ?"

"నీళ్ళు రాకుండా నమోదు ఎలా తెరవను?"

"బాగుంది. రోగి లేచి నడిస్తేనే మందిస్తారన్నమాట."

"నా మీద కోప్పడితే ఏమొస్తుంది? ఈ ఫోనులో ఉన్నదే నేను చెప్తున్నాను. పోనీ, కొత్త బోరింగు కింద దరఖాస్తు పెట్టించు. వానలు వెళ్ళాక తవ్వుతారు."

"వానలు వెళ్ళాక వాళ్ళకి మీ దయ ఎందుకు? వాగు నిండా నీళ్ళే!"

పక్క బల్ల గుమాస్తా నవ్వాడు. జె.ఈ. బాబు నవ్వలేదు. కాసేపు కాలెండరు చూసి అన్నాడు: "సజబజ రోజు మధ్యాహ్నం మూడింటికి నేను మా ఊరు బయల్దేరతాను. మీ ఊరి మీదుగానే వెళ్ళాలి. ఈలోపల ఎలాగైనా నీళ్ళొస్తే ఫోను చేయి, ఆగి స్కాన్ చేసి పోతాను. పండగైన మర్నాడే పైపు పంపిస్తాను. ఆ రోజు దాటితే మాత్రం మూసేసిన బోరింగుల జాబితా పై ఆఫీసులో ఖాయమైపోతుంది, ఇక నా చేతిలో లేదు."

సజబజ అంటే పండగ సామాను సర్దుకునే రోజు. దాని మర్నాటి నుంచి రజొ. మూడు రోజులు భూదేవి ముట్టు, నాలుగో రోజు స్నానం. ఆ నాలుగు రోజులూ నాగలి కదలదు, గడ్డపార దిగదు, రోలూ సన్నికల్లూ కూడా ముట్టుకోరు. భూమి కడుపులోంచి పైపులు లాగడమన్న మాటే లేదు. నాకున్నది రెండు రోజులు.

"ఇంతకీ రేకు తీసిందెవరు?" అని అడిగాడు జె.ఈ. బాబు. "తీసినవాళ్ళు మన పనిలో ఉన్నవాళ్ళయితే ఆరు నెలలు పనిలోంచి ఆపమని ఉత్తర్వు. ముందే చెప్తున్నాను."

"కనుక్కుంటాను బాబూ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆరు నెలలంటే పొయ్యి ఏం పెట్టి వెలిగించాలి? హాస్టల్లో చదువుతున్న నా కూతురి ఫీజు సంగతి? ఇవన్నీ నిజమే. కానీ నలభై ఇళ్ళ బిందెల ముందు నిలబడి కనుక్కుంటాను అనడం ఏమిటి?

బస్సు కోసం కూర్చున్నప్పుడు ఝిలీ ఫోను నా ఒళ్ళో పెట్టింది. "మూసేసినా సదవడానికి వత్తంది అపా. రాయడానికే రాదు."

"సదివి ఏటి సేత్తావే?"

"నువ్వు రాయించినవి సూడు."

నాకొక అలవాటుంది. పైపులు పైకి లాగినప్పుడల్లా ఎన్ని పొడిగా వచ్చాయి, ఎన్ని తడిగా వచ్చాయి అని లెక్కపెట్టి రాయిస్తాను. ఎవరూ రాయమనలేదు. నీళ్ళు ఎంత లోతుకు పోయాయో తెలుసుకుందామని మొదలుపెట్టాను, అంతే. ఖమారిసాహి బోరింగులో పది పైపులున్నాయి. ఆరేళ్ళ కింద జ్యేష్ఠంలో ఆరు పొడి, నాలుగు తడి. మూడేళ్ళ కింద ఆరున్నర పొడి. కిందటేడు ఏడు పొడి, మూడు తడి.

రెండుసార్లు చదివించుకున్నాను.

"ఝిలీ, అడుగున మూడు పైపులు నీళ్ళలో మునిగుంటే పదో పైపుతో పనేటి? చిల్లు పైపు పీకి పారేసి, దాంతోపాటు లోపలి ఇనప కడ్డీ ఒకటి తీసేసి, తొమ్మిదే దించుదాం. గోదాం సామానే అక్కర్నేదు."

"ఈయేడు నీళ్ళు ఇంకా దిగుంటే?"

"దిగితే దిగినకాడికి సూద్దాం."

"అనుమతి నేకుండా ఇప్పితే తంటా కాదా అపా?"

"నేని బోరింగుకి అనుమతెందుకే?" అన్నాను. అది ముందు బిత్తరపోయింది. తర్వాత ఇద్దరం బస్సొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ మర్నాడంతా పైపులు పట్టే బిగింపులూ, ముక్కాలి గడలూ పక్క పంచాయతీ నుంచి తెచ్చుకోవడానికి సరిపోయింది. సజబజ రోజు తెల్లవారుతూనే ఖమారిసాహిలో దిగాం. ఆ రోజు ఏ ఇంట్లో చూసినా పిండి రుబ్బుకోవాలి, కొబ్బరి కోరుకోవాలి, నాలుగు రోజులకి సరిపడా మసాలా నూరుకోవాలి. అన్నీ వదిలేసి ఆడవాళ్ళు వచ్చారు. చేతులకి పిండి అలాగే ఉంది కొందరికి.

అరుగు మీద మగవాళ్ళు అప్పుడే పండగ పేకాట మొదలెట్టేశారు. మావుసీ మరిది బైరాగి ముక్కలు పంచుతూ అరిచాడు: "రేపు భూదేవి ముట్టు. ఈయేళ కడుపులోంచి పేగులు లాగుతున్నారు మీరు. పాపం తగులుతాది!"

"ఈయేళ లాగుతున్నాం గనకే రేపు నీ పెళ్ళాం తానానికి నీళ్ళు" అంది మావుసీ. "నీ పాపం, పున్నెం తర్వాత సూసుకుందువు గాని, ముక్కలు కిందెట్టి తాడట్టుకో."

"నడుం నొప్పి వొదినా."

"పేకాటకి నేని నొప్పి తాడుకొచ్చిందేటి?"

అరుగంతా గొల్లుమంది. ఇద్దరు కుర్రాళ్ళు లేచి వచ్చారు, బైరాగి రాలేదు. మాకు వాళ్ళతో అవసరం కూడా లేకపోయింది. ఆడవాళ్ళు తాడుకి ఇరువైపులా బారులు తీరి ఒకే పట్టున లాగారు. ఒక పైపు పైకొస్తే కింది దాన్ని బిగింపులో పట్టించి, మర విప్పి, పక్కన పడుకోబెట్టి, మళ్ళీ తాడు. పదింటికే ఎండ నిప్పులు కురుస్తోంది. పైపు తాకితే చేయి అంటుకుపోతోంది.

అయిదో పైపుకి మర పక్కన కందిబద్దంత చిల్లు. తుప్పు తినేసింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది, పాడైంది ఒక్కటే అని. ఆరు పొడి. ఏడు పొడి. ఎనిమిది కూడా పొడి. తాడు పట్టుకున్న చేతులు ఇంకా లాగుతూనే ఉన్నాయి. తొమ్మిదోది సగం దాకా పొడిగా వచ్చి, అక్కడినుంచి తడి మొదలైంది.

ఝిలీ నన్ను పక్కకి లాగింది. "పైపున్నర తడి అపా. ఒకటి తీసేత్తే మిగిలేది అరపైపు నీళ్ళు. నలభై ఇళ్ళు అరపైపు మీద బతుకుతాయా?"

నాకు భయం వేసింది. నీళ్ళు ఇంకో జానెడు దిగితే ఇంత మందినీ పండగ ముందు ఎండలో నిలబెట్టి గాలి తోడించినదాన్నవుతాను. కానీ వదిలేస్తే ఏముంది? వానలు వెళ్ళాక తవ్వుతామన్న మాట ఒక్కటే.

ఆడవాళ్ళందరినీ పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అడుగున నీళ్ళు తక్కువున్నాయి. ఇంటికి నాలుగు బిందెలు, తాగడానికీ వండడానికీ. పది బిందెలయ్యాక పంపుని కాసేపు ఒగ్గీయాలి, నీళ్ళు ఊరాలి. అయిదు రోజులు అలా లాక్కొత్తే కొత్త పైపు దించుతాం. ఉంతారా మాట మీద?"

"వాగుకెళ్ళి ఒక్క బిందె తెచ్చేవాళ్ళం, నాలుగంటే ఏడుత్తామేటి?" అంది తాడు చివరనున్న ఒక కోడలు.

"వంతులు నేను సూత్తాను" అంది మావుసీ. "దాటినదాని బిందె నా ఇంట్లో ఉంతాది."

మళ్ళీ దించడం మొదలుపెట్టాం. ప్రతి మరకీ జనపనార చుట్టి, రంగు పూసి బిగించాను. తొమ్మిది పైపులు, తొమ్మిది కడ్డీలు. గొలుసు తగిలించి తల మూత వేసేసరికి రెండున్నర. పిడి నేనే పట్టుకున్నాను. ఇరవై కొట్టాను, ముప్పై కొట్టాను. చప్పుడు తప్ప ఏమీ లేదు. అరుగు మీంచి బైరాగి ఏదో అనబోతే మావుసీ అటు తిరిగి ఒక చూపు చూసింది, ఆగిపోయాడు. నలభై దాటాక భుజాలు పట్టేశాయి. ఝిలీ ఇవ్వమంది, ఇవ్వలేదు. తర్వాత పిడికి ఒక్కసారిగా బరువు తెలిసింది. లోపలినుంచి గుడగుడమని ఎక్కి, ముందు తుప్పు నీళ్ళు, వెనకే తెల్లటి నీళ్ళు భళ్ళున పడ్డాయి. ఆడవాళ్ళు సంబరంగా నాలుకలు ఆడిస్తూ ఉలూలు వేశారు. నేను ఆ ధార కింద తల పెట్టేశాను.

జె.ఈ. బాబు మూడుంపావుకి వచ్చాడు. మోటారు సైకిలు వెనక పండగ బట్టల సంచీ కట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఈలోపల మావుసీ చింతపండు పెట్టి రుద్ది రేకుని తళతళలాడించింది. కొత్త మరలు వేసి నేనే బిగించాను. ఆయన స్కాన్ చేశాడు. నీళ్ళు పడుతుంటే ఫొటో తీశాడు. తొమ్మిది పైపుల సంగతి విని కళ్ళు పెద్దవి చేశాడు.

"ఎలా తెలిసింది నీకు, తొమ్మిది చాలుతాయని?"

"అందులోనే ఉంది బాబూ. నేనే రాయించాను."

ఆయన తల ఊపి, చివరి గడి దగ్గర ఆగాడు. "రేకు తీసినవాళ్ళ పేరు."

మొదట నోరు విప్పింది బైరాగే, పాపం. "కోతులని రాసేయండి బాబూ. కొండ పక్కూరు, ఎవరు కాదంతారు?"

జె.ఈ. బాబు నా మొహం చూశాడు. ఆయనకి అప్పటికే అర్థమైపోయి ఉంటుంది. గొంతు తగ్గించి, "గాలివానకి ఊడిపోయింది, ఊరివాళ్ళు తీసి దాచారు అని రాస్తాను. ఎవరికీ ఇబ్బంది ఉండదు. సరేనా?" అన్నాడు.

"నా పేరు రాయి బాబు" అని మావుసీ ముందుకొచ్చింది. "నాకు ఊడ్డానికి పనేదీ నేదు. ముసిల్దాన్ని ఏటి సేత్తారు?"

ఏం చేస్తారో నాకు తెలుసు. నీటి సంఘం నుంచి తీసేస్తారు. ఇంకెప్పుడూ సర్కారు వస్తువు దేన్నీ ఈ ఊళ్ళో ఎవరూ తమదనుకోరు. ఇక గాలివాన మాట. ఒప్పుకుంటే అయిపోయేది, ఒప్పుకోవాలనే అనిపించింది కూడా. నా కూతురి మొహం కళ్ళ ముందు కదిలింది. కానీ ఆ పొద్దుట నలభై ఇళ్ళవాళ్ళు తాడు పట్టుకున్నది నేను రాయించిన మాటల్ని నమ్మే. పొడి ఎన్ని, తడి ఎన్ని అన్న మాటలు. అవి నిజం కాబట్టి నీళ్ళొచ్చాయి. అదే చోట, వాటి కిందే, రాని గాలివానని ఎలా రాయిస్తాను? రేపు నా తర్వాత వచ్చే మనిషి అందులో దేన్ని నమ్మాలి?

"ఫోనిటివ్వండి బాబూ" అన్నాను.

"ఆలోచించుకో సుకాంతీ. ఒకసారి నొక్కితే వెనక్కి రాదు."

"మూడు రోజుల నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

తడి చేతులు చీరకి తుడుచుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను. తీసినవారు: సుకాంతి బిసోయి, మెకానిక్. కారణం: పాడైపోతుందని భయపడి, ఇంట్లో భద్రంగా ఉంచడానికి. నొక్కాను. తెర పచ్చబడింది. ఖమారిసాహి బోరింగు ఉంది అని వచ్చింది.

సంచీలో నా ఫోను టింగుమంది. ఝిలీ తీసి చూసి, చదవకుండానే నాకిచ్చింది. ఆరు నెలల వరకు ఆ నమోదులోకీ, పనిలోకీ నా ప్రవేశం నిలిపివేశారట. ఝిలీ ఏడవడం మొదలుపెట్టింది. దాని కొంగుతోనే దాని కళ్ళు తుడిచాను. తొమ్మిదేళ్ళు.

"అది దానంతటదే ఆపేస్తుంది, నేను చేసింది కాదు" అన్నాడు జె.ఈ. బాబు నేల చూస్తూ. "కొత్త పైపు ఝిలీ పేరు మీద రాస్తున్నాను. పండగైన మర్నాడు వస్తుంది."

"ఝిలీ ఒక్కతే పది పైపులు లాగి దించుతుందా?"

"నువ్వు చేయడానికి లేదు సుకాంతీ. ఈ ఆరు నెలల్లో చేసిన పనిలో నీ పేరు ఎక్కడా కనబడకూడదు."

"ఇవాళ తాడు లాగిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కించారా అందులో?"

ఆయన ఫోను వంక చూశాడు. "లేదు. వాళ్ళకి గడి లేదు."

"మరింకేం. ఆ రోజు నేనూ వాళ్ళలో ఒకతెని. తాడు పట్టుకుంటాను."

జె.ఈ. బాబు బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. మావుసీ వంతులు పిలవడం మొదలుపెట్టింది. మొదటి బిందె పెట్టిన కోడలు పిల్ల చేతులు పొద్దుటి తాడుకి కమిలిపోయి ఉన్నాయి. నువ్వు పక్కకి జరగమ్మా అని పిడి నేను పట్టుకున్నాను.